సిపాయి నుంచి సి.ఐ.ఏ. అధిపతి దాకా: వాల్టర్ బెడెల్ స్మిత్ జీవితం

ప్రతి ఏటా వార్షికోత్సవ సంచికలో ఒక ప్రముఖుని జీవితం వేసుకోవడం మన హాస్టల్ ఆనవాయితీ. బాబాసాహెబ్ అంబేద్కర్, మహాత్మా ఫూలే, సావిత్రీబాయి, జాషువా, అబ్దుల్ కలాం, ఇలా మనం తలుచుకుని గర్వపడే వాళ్ల గురించి ఇప్పటికి చాలా రాసుకున్నాం. ఈసారి సంచిక కమిటీ కూర్చున్నప్పుడు మాలో కొందరు ఒక కొత్త పేరు చెప్పారు. ఆయన మన దేశం వాడు కాదు. మన కోసం పోరాడినవాడూ కాదు. పైగా ఆయన చేసిన పనుల్లో మెచ్చుకోదగ్గవీ ఉన్నాయి, తప్పుపట్టవలసినవీ ఉన్నాయి. అలాంటి మనిషి గురించి మన సంచికలో ఎందుకని కొందరు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

మన హాస్టల్లో ఉండి చదువుకున్న వాళ్లందరికీ ఒక దృశ్యం తెలుసు. సంవత్సరం మధ్యలో ఒక అబ్బాయికి ఇంటి నుంచి కబురు వస్తుంది. నాన్నకు ఒంట్లో బాగాలేదు, వెంటనే రమ్మని. రెండు రోజుల్లో వస్తానని చెప్పి వెళ్తాడు. ట్రంకు పెట్టె ఇక్కడే ఉంటుంది. కొన్నాళ్లకు వాళ్ల మామయ్యో, అన్నయ్యో వచ్చి ఆ పెట్టె, కంచం, దుప్పటి పట్టుకుపోతారు. ఇక వాడు కూలికి పోతున్నాడని తరువాత ఎవరో చెబుతారు. మేము చదివిన రోజుల్లోనూ అలా జరిగింది. ఇప్పుడూ జరుగుతూనే ఉంది. వాల్టర్ బెడెల్ స్మిత్ కూడా సరిగ్గా అలాగే చదువు ఆపేసిన కుర్రవాడు. ఆ తరువాత ఆయన ఎంత దూరం వెళ్లాడో, ఎలా వెళ్లాడో, అంత దూరం వెళ్లాక ఏం చేశాడో చెప్పాలనిపించింది.

బాల్యం, ఆగిపోయిన చదువు

1895 అక్టోబరు 5న అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, ఇండియానాపోలిస్ పట్టణంలో ఆయన పుట్టారు. తండ్రి ఒక బట్టల దుకాణంలో పట్టు సరుకు కొనే ఉద్యోగి. తల్లి కూడా అదే దుకాణంలో పనిచేసింది. తిండికి లోటు లేకపోయినా మిగిలేదీ ఏమీ లేని కుటుంబం. ఇంట్లో అందరూ ఆయన్ను బెడెల్ అనే పిలిచేవారు. అది తల్లి పుట్టింటి పేరు. తరువాత రోజుల్లో స్నేహితులు దాన్ని బీటిల్ అని మార్చేశారు.

హైస్కూల్లో ఆయన చేరింది చేతిపనులు నేర్పే బడిలో. మెషినిస్టు కావాలన్నది ఆలోచన. చదువుతూనే ఒక మోటారు కార్ల కంపెనీలో పనికి కుదిరారు. హైస్కూలు పూర్తి చేయకుండానే వదిలేశారు. ఆ తరువాత బట్లర్ విశ్వవిద్యాలయంలో చేరినా తండ్రి ఆరోగ్యం బాగా దెబ్బతింది. ఇల్లు గడవడానికి ఆయన మళ్లీ ఫ్యాక్టరీకే పోవాల్సి వచ్చింది. చేతిలో డిగ్రీ లేదు. వెనుక ఆస్తి లేదు. సిఫారసు చేసే పెద్దమనిషి లేడు.

ఒక్కటి మాత్రం ఉంది. చిన్నప్పటి నుంచి ఆయనకు సైన్యం అంటే ఇష్టం. 1911లో, పదహారేళ్ల వయసులో, ఇండియానా నేషనల్ గార్డ్‌లో మామూలు సిపాయిగా చేరారు. నేషనల్ గార్డ్ అంటే రాష్ట్రానికి చెందిన దళం. అందులో ఉన్నవాళ్లు మిగతా రోజుల్లో తమ పనులు చేసుకుంటూ, కవాతు రోజున యూనిఫాం వేసుకుంటారు. అవసరం వస్తే పిలుస్తారు. 1913లో ఒహాయో నదికి పెద్ద వరదలు వచ్చినప్పుడు ఒకసారి, ఇండియానాపోలిస్ ట్రాం కార్మికుల సమ్మెలో మరోసారి ఆయన దళాన్ని పిలిచారు. ఆ కాలంలోనే ఆయన కార్పొరల్ అయ్యారు, తరువాత సార్జెంట్ అయ్యారు. మనుషులకు పని అప్పజెప్పడం, ఆ పని జరిగేలా చూడడం అక్కడే నేర్చుకున్నారు.

యుద్ధం, గాయం

1917 ఏప్రిల్లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగింది. అప్పుడున్న కొద్దిమంది అధికారులు చాలక సైన్యం సిపాయిల్లోంచి, సార్జెంట్లలోంచి తెలివైనవాళ్లను ఏరి శిక్షణ ఇచ్చింది. అలా బెడెల్ స్మిత్‌కు తలుపు తెరుచుకుంది. ఆ ఏడాది జులై 1న నోరీ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నారు. నవంబరు 27న సెకండ్ లెఫ్టినెంట్ అయ్యారు. 1918 మే నెలలో ఓడ ఎక్కి ఫ్రాన్స్ చేరారు.

జులైలో ఆయన దళం యుద్ధ రంగంలోకి దిగింది. రెండు రోజులు గడిచేసరికి, జులై 20న, ఫిరంగి గుండు ముక్కలు తగిలి ఆయన గాయపడ్డారు. ఆయన స్వయంగా ముందు వరుసలో చేసిన యుద్ధం అంతే. కోలుకోవడానికి స్వదేశానికి పంపారు. వాషింగ్టన్‌లో సైనిక గూఢచార విభాగంలో కొద్దికాలం పనిచేశారు. ముప్పై రెండేళ్ల తరువాత దేశం మొత్తం గూఢచార వ్యవస్థకు అధిపతి అవుతారని అప్పుడు ఎవరూ అనుకుని ఉండరు.

ఇరవై ఒక్క ఏళ్ల ఎదురుచూపు

యుద్ధం అయిపోగానే సైన్యం చిక్కిపోయింది. అధికారులు వేల సంఖ్యలో ఇళ్లకు వెళ్లిపోయారు. బెడెల్ స్మిత్ మాత్రం ఉండిపోయారు. 1920 జులై 1న రెగ్యులర్ ఆర్మీలో ఆయనకు స్థానం దొరికింది.

ఇక్కడ మన పాఠకులు ఒక లెక్క గమనించాలి. 1917లో సెకండ్ లెఫ్టినెంట్ అయిన మనిషి కెప్టెన్ అయ్యింది 1929లో. మేజర్ అయ్యింది 1939 జనవరి 1న. అంటే అధికారిగా మొదటి మెట్టు నుంచి మేజర్ దాకా రావడానికి 21 ఏళ్లు పట్టింది. ప్రమోషన్లు వయసు వరుసలోనే వచ్చేవి. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చదివినవాళ్లకు ఒకరితో ఒకరికి పరిచయాలు ఉండేవి. ఆయనకు ఆ పరిచయాలూ లేవు.

ఆ ఇరవై ఒక్క ఏళ్లు ఆయన ఊరికే కూర్చోలేదు. 1925 నుంచి నాలుగేళ్లు ప్రభుత్వ బడ్జెట్ కార్యాలయంలో పనిచేశారు. ప్రభుత్వం డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది, ఒక కాగితం ఏ బల్ల మీద ఎందుకు ఆగిపోతుంది అన్నది అక్కడ తెలిసింది. తరువాత రెండేళ్లు ఫిలిప్పీన్స్‌లో స్థానిక సైనికుల దళంలో పనిచేశారు. 1931లో జార్జియా రాష్ట్రంలోని ఫోర్ట్ బెన్నింగ్ పదాతిదళ పాఠశాలకు వెళ్లారు. 1935లో కమాండ్ అండ్ జనరల్ స్టాఫ్ స్కూల్, 1937లో ఆర్మీ వార్ కాలేజీ పూర్తి చేశారు. హైస్కూలు వదిలేసిన కుర్రవాడు నలభై దాటిన వయసులో కూడా బెంచీ మీద కూర్చుని పరీక్షలు రాశాడు. డిగ్రీ లేని లోటు ఆయనకు తెలుసు. ఆ లోటును తలుచుకుని కుమిలిపోకుండా, సైన్యం ఇచ్చిన ప్రతి చదువునూ అందుకున్నారు.

ఫోర్ట్ బెన్నింగ్‌లోనే ఆయన జీవితం మలుపు తిరిగింది. అక్కడ సహాయ కమాండెంటుగా ఉన్నాయన జార్జ్ మార్షల్. ఉపాధ్యాయుల్లో ఒకరు ఒమర్ బ్రాడ్లీ. ఒకరోజు మార్షల్ తరగతికి వచ్చి కూర్చున్నారు. అప్పుడు బెడెల్ స్మిత్ తన యుద్ధ అనుభవం మీద రాసుకున్న వ్యాసం చదువుతున్నారు. విషయం సూటిగా ఉంది. అనవసరమైన మాట ఒక్కటి లేదు. మార్షల్‌కు బాగా నచ్చింది. ఆయన ఆ పేరు గుర్తుపెట్టుకున్నారు. క్లాసులో లేచి మాట్లాడమంటే తల దించుకునే మన తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఈ సంగతి రెండుసార్లు చదవాలని మా కోరిక.

జీపు కథ

1939 సెప్టెంబరు 1న యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అదే రోజు మార్షల్ అమెరికా సైన్యాధ్యక్షుడయ్యారు. కొద్ది వారాల్లోనే బెడెల్ స్మిత్‌ను వాషింగ్టన్‌కు పిలిపించి తన కార్యాలయంలో పెట్టుకున్నారు.

ఆ కార్యాలయంలో జరిగిన ఒక సంగతి బ్రాడ్లీ తరువాత రాసుకున్నారు. ఒక చిన్న కార్ల కంపెనీ మనిషి కొత్త రకం చిన్న బండి నమూనా పట్టుకుని సైనిక శాఖల చుట్టూ తిరుగుతున్నాడు. ఎవరూ పట్టించుకోవడం లేదు. చివరికి బెడెల్ స్మిత్ దగ్గరికి వచ్చాడు. ఆయన కాసేపు విని, బండి పనికొస్తుందని తేల్చుకుని, నేరుగా సమావేశంలో ఉన్న మార్షల్ దగ్గరికి వెళ్లి రెండు నిమిషాల్లో చెప్పారు. మార్షల్ ఆయన అభిప్రాయం అడిగారు. బాగుందన్నారు. అయితే కానివ్వమన్నారు. ఆ బండే తరువాత మన పల్లెటూళ్ల రోడ్ల మీద కూడా తిరిగిన జీపు.

మార్షల్‌కు సమస్య తెచ్చి బల్ల మీద పెట్టి నిలబడేవాళ్లంటే గిట్టదు. పరిష్కారం కూడా ఆలోచించుకుని రావాలి. బెడెల్ స్మిత్ అలాంటి మనిషి. అందుకే 1941లో ఆయన లెఫ్టినెంట్ కల్నల్, ఆపైన కల్నల్ అయ్యారు. 1942 ఫిబ్రవరిలో బ్రిగేడియర్ జనరల్ అయ్యారు. 1944 జనవరిలో లెఫ్టినెంట్ జనరల్. మేజర్ కావడానికి 21 ఏళ్లు పట్టిన మనిషి, మేజర్ నుంచి లెఫ్టినెంట్ జనరల్ కావడానికి ఐదేళ్లు పట్టింది. అవకాశం వచ్చిన రోజుకి ఆయన సిద్ధంగా ఉన్నారు. రాకముందు సిద్ధపడ్డారు కాబట్టే అది సాధ్యమైంది.

ఐసెన్‌హోవర్ కుడిభుజం

1942 సెప్టెంబరులో ఆయన్ను లండన్ పంపారు. అక్కడ జనరల్ ఐసెన్‌హోవర్‌కు చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా చేరారు. ఈ ఉద్యోగం ఏమిటో మన మాటల్లో చెప్పుకుందాం. హాస్టల్‌కు వార్డెన్ గారు పెద్ద. అయితే బియ్యం ఎప్పుడు వచ్చాయి, పప్పు ఎన్నాళ్లకు సరిపోతుంది, కామాటి రాకపోతే వంట ఎవరు చేస్తారు, ఇద్దరు కుర్రాళ్లు కొట్టుకుంటే ఎవరు విడదీస్తారు, ఇవన్నీ చూసే మనిషి ఒకరు లేకపోతే హాస్టల్ నడవదు. లక్షల మంది సైనికులున్న బ్రిటిష్, అమెరికన్ ఉమ్మడి సైన్యానికి ఆ పని చేసింది బెడెల్ స్మిత్. ఐసెన్‌హోవర్ నవ్వుతూ అందరితో మంచిగా ఉండేవారు. కాదు అని చెప్పాల్సిన పని, కేకలేయాల్సిన పని బెడెల్ స్మిత్‌కు పడేది. ఆయన కోపం పేరుమోసింది. కడుపులో పుండు బాధ కూడా ఆ రోజుల్లో ఆయన్ను వదల్లేదు.

ఆయనకు గట్టివాడన్న పేరుతోపాటు బేరం కుదర్చగలవాడన్న పేరు కూడా వచ్చింది. 1943 ఆగస్టులో ఇటలీ రహస్యంగా లొంగిపోతానని కబురు పంపింది. బెడెల్ స్మిత్, బ్రిటిష్ గూఢచార అధికారి కెన్నెత్ స్ట్రాంగ్ మామూలు బట్టలు వేసుకుని పోర్చుగల్ రాజధాని లిస్బన్ వెళ్లారు. అక్కడ ఇటలీ జనరల్ కాస్టెల్లానోతో మాట్లాడారు. సెప్టెంబరు 3న సిసిలీ దీవిలోని కాస్సిబిలే దగ్గర ఒప్పందం మీద ఐసెన్‌హోవర్ తరఫున సంతకం చేశారు.

1945 ఏప్రిల్ నాటికి నెదర్లాండ్స్‌లో జర్మన్ల ఆక్రమణలో మిగిలిన ప్రాంతం ఆకలితో అల్లాడుతోంది. ఆ చలికాలంలో వేల మంది తిండి లేక చనిపోయారు. ఏప్రిల్ 30న ఆఖ్టర్‌వెల్డ్ అనే పల్లెలోని బడిలో బెడెల్ స్మిత్ జర్మన్ పాలకుడు సెయిస్-ఇన్‌క్వార్ట్‌ను కలిసి, ప్రజలకు ఆహారం చేరేలా మాట్లాడారు. అప్పటికే బ్రిటిష్ విమానాలు బాంబులు వేసే చోటి నుంచి ఆహారపు మూటలు వేయడం మొదలుపెట్టాయి. తరువాత అమెరికన్ విమానాలూ కలిశాయి. ఆయన జీవితంలో మాకు అన్నిటికన్నా నచ్చిన రోజు ఇదే.

వారం తిరిగేసరికి, 1945 మే 7 తెల్లవారుజామున 2 గంటల 41 నిమిషాలకు, ఫ్రాన్స్‌లోని రీమ్స్ పట్టణంలో జర్మనీ లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరిగాయి. జర్మనీ తరఫున జనరల్ యోడల్, మిత్రదళాల తరఫున బెడెల్ స్మిత్. అది జరిగింది ఏ రాజభవనంలోనో కాదు. ఎర్ర ఇటుకలతో కట్టిన ఒక సాంకేతిక పాఠశాల భవనంలో. ఒకప్పుడు అలాంటి బడి నుంచే చదువు మధ్యలో వదిలి వెళ్లిన కుర్రవాడు ఆ రోజు అక్కడ కూర్చుని సంతకం చేశాడు.

మాస్కోలో రాయబారి

1946లో అధ్యక్షుడు ట్రూమన్ ఆయన్ను సోవియట్ యూనియన్‌కు రాయబారిగా పంపారు. 1948 చివరిదాకా అక్కడ ఉన్నారు. యుద్ధంలో స్నేహితులైన రెండు దేశాలు అప్పుడే శత్రువులవుతున్నాయి. 1947 ఆగస్టులో మన దేశం తరఫున మొదటి రాయబారిగా విజయలక్ష్మీ పండిట్ గారు మాస్కో చేరినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. 1948లో బెర్లిన్ నగరానికి దారులు మూసేసినప్పుడు స్టాలిన్‌తో చర్చలకు కూర్చున్నవాళ్లలో ఆయన ఒకరు. ఆ చర్చలు ఫలించలేదు. తిరిగి వచ్చాక మాస్కోలో గడిపిన మూడేళ్ల మీద పుస్తకం రాశారు. అది 1950లో వెలువడింది.

సి.ఐ.ఏ. పగ్గాలు

1950 జూన్ 25న ఉత్తర కొరియా సేనలు దక్షిణ కొరియా మీద పడ్డాయి. అమెరికా ప్రభుత్వానికి ముందుగా గట్టి హెచ్చరిక అందలేదు. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి కూడా అలాగే తెలియకుండా వచ్చిపడింది. మళ్లీ అలా జరగకూడదనే 1947లో సి.ఐ.ఏ.ను పెట్టారు. అయినా జరిగింది. ట్రూమన్ ఆ సంస్థను సరిచేయగల మనిషి కోసం చూసి బెడెల్ స్మిత్‌ను అడిగారు.

ఆయన అప్పుడు ఆసుపత్రిలో ఉన్నారు. కడుపు పుండుకు ఆపరేషన్ చేసి పొట్టలో చాలా భాగం తీసేశారు. మనిషి సగమైపోయారు. అయినా 1950 అక్టోబరు 7న బాధ్యత తీసుకున్నారు.

తీసుకున్న వెంటనే పెద్ద దెబ్బ తగిలింది. ట్రూమన్ పసిఫిక్ మహాసముద్రంలోని వేక్ దీవిలో జనరల్ మెకార్థర్‌ను కలవబోతున్నారు. చైనా కొరియా యుద్ధంలోకి దిగుతుందా అన్నది అసలు ప్రశ్న. అక్టోబరు 12న సి.ఐ.ఏ. ఇచ్చిన అంచనా ప్రకారం చైనాకు దిగే శక్తి ఉంది కాని, 1950లో దిగకపోవచ్చు. వారం గడిచిందో లేదో చైనా సేనలు యాలు నది దాటడం మొదలుపెట్టాయి. నవంబరు చివర్లో విరుచుకుపడ్డాయి. ఆ తప్పుకు వేల మంది సైనికులు ప్రాణాలతో మూల్యం చెల్లించారు. మెకార్థర్ కూడా అదే పొరపాటు పడ్డారు కాబట్టి తప్పు సి.ఐ.ఏ. ఒక్కదానిదే కాదు. కానీ కుర్చీలో ఉన్నది బెడెల్ స్మిత్.

ఆయన సంస్థను మొదటి నుంచి దిద్దడానికి పూనుకున్నారు. అంతవరకు సైన్యానిది ఒక మాట, నౌకాదళానిది ఒక మాట, విదేశాంగ శాఖది ఇంకో మాటగా ఉండేది. వాటిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, అధ్యక్షుడికి ఒకే అంచనా వెళ్లేలా జాతీయ అంచనాల కార్యాలయం పెట్టారు. దానికి హార్వర్డ్ చరిత్ర ఆచార్యుడు విలియం లాంగర్‌ను తెచ్చారు. ఆయన వెంట యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు షెర్మన్ కెంట్ వచ్చారు. డిగ్రీ లేని జనరల్ ఆచార్యులను పిలిచి ఆలోచించే పని అప్పగించాడు. తనకు లేని చదువు ఉన్నవాళ్లను చూసి ఆయన అసూయపడలేదు. 1951 ఫిబ్రవరి నుంచి అధ్యక్షుడికి రోజూ కొత్త పద్ధతిలో సమాచార పత్రం వెళ్లింది. పరిపాలన ఒక విభాగం, విశ్లేషణ ఒక విభాగం, రహస్య చర్యలు ఒక విభాగంగా సంస్థను విడదీశారు. ఒకరికొకరు పొసగకుండా పోటీపడుతున్న రెండు రహస్య శాఖలను 1952లో కలిపేశారు. ఆయన వేసిన ఆ చట్రం మీదే సి.ఐ.ఏ. చాలా ఏళ్లు నడిచింది. శత్రువుల రహస్య సంకేతాలను వినే పని చెల్లాచెదురుగా ఉందని 1951 డిసెంబరులో ఆయన ఎత్తిచూపారు. దాని మీద జరిగిన విచారణ ఫలితంగా 1952 నవంబరులో జాతీయ భద్రతా ఏజెన్సీ ఏర్పడింది. 1951 ఆగస్టులో ఆయన నాలుగు నక్షత్రాల జనరల్ అయ్యారు. సిపాయిగా మొదలైనవాడికి అది చివరి మెట్టు.

ఒక సంగతి ఆయన్ను వేధించింది. గూఢచార సంస్థ అసలు పని తెలుసుకోవడం, తెలిసింది నిజంగా చెప్పడం. కాని పరాయి దేశాల్లో రహస్యంగా మనుషుల్ని దింపడం, ప్రభుత్వాలను కదిలించడం అనే పనులకు డబ్బు, మనుషులు పెరిగిపోతున్నారు. ఆ పనులు అసలు పనిని మింగేస్తాయని ఆయన భయపడ్డారు, హెచ్చరించారు కూడా. ఆ భయం సరైనదే. అయితే దానికి ఆయన తానే కట్టుబడి ఉన్నారా?

మేము దాచని భాగం

1953 జనవరిలో ఐసెన్‌హోవర్ అధ్యక్షుడయ్యారు. ఫిబ్రవరిలో బెడెల్ స్మిత్ సైన్యం నుంచి రిటైరై విదేశాంగ శాఖలో రెండో స్థానానికి వెళ్లారు. సి.ఐ.ఏ. పగ్గాలు అలెన్ డల్లెస్‌కు అందాయి.

ఆ ఏడాది ఆగస్టు 19న ఇరాన్ ప్రధాని మొసాద్దెఖ్‌ను కూలదోశారు. ఆయన చేసిన నేరం 1951లో బ్రిటిష్ కంపెనీ చేతిలోని చమురును జాతీయం చేయడం. 1954 జూన్‌లో మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో ఎన్నికైన అధ్యక్షుడు ఆర్బెంజ్‌ను దించారు. రెండింటి వెనుక సి.ఐ.ఏ. ఉంది. రెండింటికీ వాషింగ్టన్‌లో పచ్చజెండా ఊపిన పెద్దల్లో బెడెల్ స్మిత్ ఒకరు.

గ్వాటెమాలా సంగతి మనకు దగ్గరగా తగులుతుంది. అక్కడ ఆర్బెంజ్ 1952లో భూసంస్కరణ చట్టం తెచ్చారు. పెద్ద ఎస్టేట్లలో బీడు పడి ఉన్న భూమిని తీసుకుని భూమి లేని పేదలకు పంచారు. అలా పోయిన భూమిలో యునైటెడ్ ఫ్రూట్ అనే అమెరికన్ అరటిపళ్ల కంపెనీ భూమి చాలా ఉంది. అమెరికా ప్రభుత్వం కమ్యూనిజం వస్తోందని కారణం చెప్పింది. ఆర్బెంజ్ దిగిపోయాక పంచిన భూమిలో చాలా భాగం తిరిగి పాత యజమానులకు పోయింది. తరువాత 1960 నుంచి 1996 దాకా ఆ దేశం అంతర్యుద్ధంలో కాలిపోయింది. రెండు లక్షల మందికి పైగా చనిపోయారని, మాయమయ్యారని ఐక్యరాజ్యసమితి మద్దతుతో ఏర్పడిన కమిషన్ తేల్చింది. వాళ్లలో ఎక్కువమంది అక్కడి ఆదివాసీ మాయా ప్రజలు. బెడెల్ స్మిత్ ప్రభుత్వ ఉద్యోగం వదిలాక అదే యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ డైరెక్టర్ల బోర్డులో చేరారు.

మన ఇళ్లలో చాలామందికి సెంటు భూమి లేదు. పట్టా కాగితం కోసం తాతలు ఆఫీసుల చుట్టూ తిరిగిన కథలు మనం వింటూ పెరిగాం. ఆ పేద రైతుల చేతికి వచ్చిన భూమి మళ్లీ జారిపోవడానికి కారణమైనవాళ్లలో, తానూ ఒకప్పుడు ఇల్లు గడవక చదువు మానేసిన మనిషి ఉన్నాడు. ఈ సంగతి రాయకుండా వదిలేస్తే వ్యాసం చక్కగా ముగిసేది. అలా చేయడం న్యాయం కాదనిపించింది.

అదే 1954లో జెనీవాలో వియత్నాం మీద జరిగిన సమావేశంలో అమెరికా బృందాన్ని ఆయన నడిపారు. ఫ్రెంచి యుద్ధం ఆగింది. ఒప్పందం అమలు చూసే అంతర్జాతీయ సంఘానికి మన దేశం అధ్యక్షత వహించింది. అమెరికా ఆ ఒప్పందం మీద సంతకం చేయలేదు. బలప్రయోగంతో దాన్ని చెడగొట్టబోమని మాత్రం ఆయన ప్రకటించారు. ఆ మాట ఏమైందో తరువాతి వియత్నాం యుద్ధం చెప్పింది.

1954 అక్టోబరులో ఆయన పదవి వదిలారు. 1961 ఆగస్టు 9న వాషింగ్టన్‌లోని ఇంట్లో గుండెపోటు వచ్చి, ఆసుపత్రికి తీసుకెళ్తుండగా చనిపోయారు. పిల్లలు లేరు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో, ఫోర్ట్ బెన్నింగ్ తరగతిలో తన పేరు గుర్తుపెట్టుకున్న మార్షల్ సమాధి దగ్గరలోనే ఆయన్ను పూడ్చారు. రెండేళ్లకు నోరీ కూడా వెళ్లిపోయింది.

మనం ఏం తీసుకోవాలి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఈయన గురించి మనకెందుకు?

మొదటిది, ఆ ట్రంకు పెట్టె పట్టుకుపోయిన అబ్బాయి కోసం. చదువు ఆగడం మంచిదని మేము చెప్పడం లేదు. బెడెల్ స్మిత్ కూడా ఆగిన చదువును జీవితాంతం వెతుక్కుంటూనే ఉన్నారు. నలభై దాటాక కూడా చదివారు. ఆయనకు సైన్యం బడి అయ్యింది. మనకు ఓపెన్ స్కూల్ ఉంది, అంబేద్కర్ పేరు మీద సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. పనిచేసుకుంటూ పరీక్ష రాయవచ్చు. మన హాస్టల్ నుంచి వెళ్లిపోయినవాళ్లు ఎవరైనా మీ ఊళ్లో ఉంటే, ఈ సంచిక వాళ్లకు ఇవ్వండి. అప్లికేషన్ నింపడానికి పక్కన కూర్చోండి. ఫీజు కట్టలేకపోతే పూర్వ విద్యార్థులం మేమున్నాం.

రెండోది, ఎదిగే వాళ్ల కోసం. మనలో కొందరు పోలీసులవుతారు, కొందరు సైన్యంలోకి వెళ్తారు, గ్రూప్స్ రాసి ఆఫీసర్లవుతారు. అది ఖాయం. ఆ రోజు మీ బల్ల మీదికి ఒక ఫైలు వస్తుంది. అందులో ఎవరిదో భూమి ఉంటుంది, ఎవరిదో ఇల్లు ఉంటుంది. పై నుంచి ఒత్తిడి ఉంటుంది, దేశం కోసమనే మాట కూడా ఉంటుంది. నెదర్లాండ్స్‌లో ఆకలిగా ఉన్నవాళ్లకు అన్నం చేర్చిన బెడెల్ స్మిత్, గ్వాటెమాలా ఫైలు వచ్చిన రోజు ఆ భూమి ఎవరి చేతికి వచ్చిందో, ఎవరి చేతి నుంచి పోతుందో ఆగి చూడలేదు. ఆయన కష్టపడి ఎదిగిన తీరు మనం నేర్చుకుందాం. ఆ ఫైలు దగ్గర మాత్రం ఆయనలా చేయొద్దు.

వచ్చే ఏడాది వార్షికోత్సవానికి అన్నలు, అక్కలు అందరూ రండి. వచ్చేటప్పుడు, మధ్యలో వెళ్లిపోయిన ఒక్కరినైనా వెంట తీసుకురండి.